తలుపు తెరుచుకోని ఆట

ఆట విడుదలైన తొమ్మిదో రోజున తమ్ముడి ఫోన్ వచ్చేసరికి ఆమె ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో ఒక భారీ మనిషి మోకాలిని బల్ల మీద సరిచేస్తోంది. అలవాటు చొప్పున "ఊపిరి బిగబట్టండి" అని, మోకాలికి ఊపిరితో పనేముందని గుర్తొచ్చి, "కదలకండి చాలు" అని సర్దుకుంది. జేబులో ఫోన్ కొట్టుకుంటూనే ఉంది. ఆ మనిషిని పంపించి, సీసపు కోటు విప్పి కొక్కేనికి తగిలించి, మెట్ల దగ్గరికి వచ్చి మాట్లాడింది.

"అక్కా, కూర్చున్నావా, నిలబడ్డావా?"

"నిలబడ్డాను. ఏమైంది?"

"అయితే కూర్చో. పిడుగు మన ఆట ఆడాడు."

"పిడుగెవర్రా?"

"అదీ తెలీదా నీకు? ఆటలాడుతూ వీడియోలు పెడతాడు. వాడు తుమ్మినా లక్షమంది చూస్తారు. నిన్న సాయంత్రం మన ఆట మొదట్నించి చివరిదాకా ఆడాడు. పొద్దుట్నించి జనం ఎగబడుతున్నారు. మన పంట పండిందే అక్కా."

ఆమె మెట్టు మీద కూర్చుంది. "ఏమన్నాడు?"

"భయపడ్డాడు. బాగా నవ్వాడు కూడా."

"నవ్వాడా? ఎక్కడ?"

"నువ్వే చూడు. నేను చెప్తే మజా పోతుంది."

ఆమెకు నలభై రెండేళ్ళు. పదహారేళ్ళుగా ఎక్స్‌రేలు తీస్తోంది. పేషెంటుకీ పేషెంటుకీ మధ్య దొరికే ఖాళీలో గళ్ళ నోటుపుస్తకంలో బొమ్మలు వేయడం ఆమెకు అలవాటు. ఒక్కో గడి నింపుకుంటూ పోతే కుర్చీ వస్తుంది, కిటికీ వస్తుంది, మనిషి వస్తాడు. తమ్ముడు ఆమెను చిన్నప్పటి నుంచీ గళ్ళక్క అనే పిలుస్తాడు. అతను బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. రెండేళ్ళ కిందట ఆమె ఇంటికి వచ్చినప్పుడు పుస్తకంలో వరసగా ఇరవై పేజీల్లో ఒకే గోడ, ఒకే మంచం చూసి, "ఇది బొమ్మ కాదే, ఆట. పాతకాలం ఆటల్లాగా ఇలాగే గళ్ళు గళ్ళుగా చేద్దాం" అన్నాడు. ఆదివారాలు కూర్చుని ప్రోగ్రామంతా అతనే రాశాడు. బొమ్మలు, మాటలు ఆమెవి. ఆట పేరు 'పక్క గది'. చేసినవారి పేరు ఉండాల్సిన చోట 'గళ్ళక్క' అని మాత్రమే వేశారు.

ముప్పై అయిదు నిమిషాల ఆట అది. ఆడేవాళ్ళు ఒక ఉద్యోగస్తురాలి వేషంలో ఉంటారు. ఆమె రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే ఇంటికి వస్తుంది. ఆమెకు కావలసిందల్లా నిద్ర. పడుకోగానే పక్క గోడ మీద ఎవరో కొట్టడం మొదలుపెడతారు. మూడు దెబ్బలు, కాస్త విరామం, మళ్ళీ మూడు దెబ్బలు. కర్టెన్ లాగొచ్చు, చెవిలో దూది పెట్టుకోవచ్చు, మంచినీళ్ళు తాగొచ్చు, తిరిగి గోడ మీద కొట్టొచ్చు. వీధి తలుపు దగ్గరికి వెళ్ళి నొక్కితే మాత్రం, 'నిద్ర వస్తోంది. ఇప్పుడు కాదు' అని అక్షరాలు వస్తాయి. ఎన్నిసార్లు నొక్కినా అంతే. తిరిగి కొట్టినప్పుడల్లా అవతలి దెబ్బలు త్వరత్వరగా వస్తాయి, గదిలో వెలుతురు ఒక్కో మెట్టు తగ్గుతుంది. మూడో రోజుకి చప్పుడు ఆగిపోతుంది. అప్పుడు తెర గోడకి అవతలి వైపు చూపిస్తుంది. గోడ నిండా గడియారాలు, కింద నేల మీద పడి ఉన్న ముసలాయన. ఆటలో మనం ఎన్నిసార్లు గోడ కొట్టామో ఆ దెబ్బలన్నీ ఇప్పుడు అటువైపు నుంచి వినిపిస్తాయి. ముసలాయన మొహం నాలుగు గళ్ళే. రెండు కళ్ళు, ఒక ముక్కు, ఒక నోరు. దెబ్బ వినిపించిన ప్రతిసారీ నోటి గడి కొద్దిగా పైకి లేస్తుంది. నవ్వినట్టు. ఎవరో విన్నారు, వస్తున్నారు అనుకున్నట్టు.

ఇంటికి వచ్చి ఆమె పిడుగు వీడియో చూసింది. పిడుగు పాతికేళ్ళవాడు, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు. మొదట్లో నిజంగానే ఉలిక్కిపడ్డాడు. తర్వాత గోడ మీద మూడు దెబ్బలు వినపడగానే తన బల్ల మీద మూడు దెబ్బలు వేశాడు. అవతలి నుంచి బదులొచ్చింది. అతను దరువు మార్చాడు. "అబ్బో, మామకి తాళజ్ఞానం ఉంది. గోడ మామా, ఇంకొక్కటి వేసుకో" అన్నాడు. చివర్లో ముసలాయన కనిపించినప్పుడు, "అయ్యయ్యో, గోడ మామా, నీతో కచేరీ పెట్టుకున్నానే" అని తల పట్టుకుని నవ్వాడు. ఏడుపు దాచుకునే నవ్వులాగే ఉంది అది. కానీ చూసినవాళ్ళు నవ్వునే పట్టుకున్నారు. వారం తిరిగేసరికి 'గోడ మామ దరువు' వేయని పిల్ల ఊళ్ళో లేదు. బల్లల మీద, తలుపుల మీద, బస్సు సీట్ల మీద కొట్టి వీడియోలు పెట్టారు.

తమ్ముడు రోజూ ఫోన్ చేసి ఆడినవాళ్ళు రాసిన అభిప్రాయాలు చదివి వినిపించేవాడు.

"విను. 'బొమ్మలు బాగున్నాయి, భయం బాగుంది, ముగింపు మాత్రం నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టుంది.' ఇంకొకడు, 'తలుపు తీయడం చేతకానివాళ్ళు ఆటలెందుకు చేస్తారు?' వీడెవడో, 'తలుపు మీద రెండొందల సార్లు నొక్కాను, వేలు వాచింది. ఇది బగ్గు. సరిచేయండి.'"

"బగ్గు కాదని రాయి."

"రాశాను. దానికి కింద ఒకాయన ఇంకో సిద్ధాంతం రాశాడు. అసలు ఆ ఉద్యోగం చేసే ఆవిడే చచ్చిపోయిందట, దయ్యమట, అందుకే తలుపు తీయలేకపోతోందట. దానికి ఎంతమంది తలకాయ ఊపారో తెలుసా?"

"ఇంకేమైనా చెప్పు."

"ఇది బాగుంది చూడు. 'ఆట అయిపోగానే లేచి వెళ్ళి మా పక్కింటి పెద్దావిడ తలుపు తట్టాను. ఏం కావాలని కసిరింది. ఏమీ వద్దని వచ్చేశాను. ఆవిడ కసరడం ఇంత హాయిగా ఉంటుందని తెలీదు.'"

ఆమె ముక్కు ఎగబీల్చింది.

"ఏంటే, మాట్లాడవు? ఏడుస్తున్నావా?"

"జలుబు చేసింది" అంది.

తమ్ముడికి తెలియని విషయం ఒకటుంది. ఎవరికీ తెలియదు. ఆ ఆట ఆమె ఊహించి చేసింది కాదు.

మూడేళ్ళ కిందట ఆమె పక్క వాటాలో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఉండేవాడు. షాపు మూసేసి చాలాకాలమైంది. ఇంట్లోనే, కిటికీ పక్కన చిన్న బల్ల వేసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని పనిచేసేవాడు. భార్య పోయింది. కూతురు వేరే ఊళ్ళో ఉంటుంది. ఒకసారి తన చేతి గడియారం ఆగిపోతే ఆమె ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది. గోడ మీద పన్నెండు గడియారాలున్నాయి. ఒక్కోటీ ఒక్కో టైము చూపిస్తోంది.

"ఇందులో ఏది రైటు, బాబాయిగారూ?" అని అడిగింది.

"టైము తెలుసుకోడానికైతే ఒకటి చాలమ్మా. మిగతావన్నీ వైద్యానికి వచ్చినవి. నీ పనీ నా పనీ ఒకటే. లోపల ఏం విరిగిందో చూడ్డం" అని నవ్వాడు.

ఆ గోడ మీద ఒకటి అసలు గడియారమే కాదు. అట్టముక్క. చిన్నపిల్ల చేతిరాతతో అంకెలు, ఏడు మాత్రం తిరగబడి ఉంది. అదేమిటని ఆమె అడగలేదు. నాలుగు మాటల పరిచయం, అంతే. మెట్ల మీద ఎదురుపడితే పలకరింపు, దారి ఇవ్వడం.

ఆ వారం ఆమెకు రాత్రి డ్యూటీలు. సోమవారం పొద్దున పది దాటాక పడుకుంది. కన్ను అంటుకుంటుండగా గోడ మీద చప్పుడు. మూడు దెబ్బలు. పెద్దాయన గడియారం తగిలించడానికి మేకు కొడుతున్నాడనుకుంది. ఆగుతుందని చూసింది. ఆగలేదు. రెండు రాత్రుల నిద్ర బాకీ కళ్ళలో మండుతోంది. మంచం మీద నుంచే చేయి చాపి చెప్పు తీసుకుని, మడమ వైపుతో గోడ మీద గట్టిగా కొట్టింది. కాస్త ఆపండి, మనుషులు పడుకోవద్దా అని ఆ దెబ్బకి అర్థం. అవతలి నుంచి వెంటనే బదులొచ్చింది, ముందుకన్నా వడిగా. ఆమెకు ఒళ్ళు మండింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ బదులొచ్చింది. ముసలితనానికి మొండితనం తోడైందని తిట్టుకుంటూ దిండు చెవులకు అదుముకుంది. మంగళవారం కూడా కొట్టాడు. కానీ నెమ్మదిగా, మధ్య మధ్య చాలాసేపు ఆగి. ఆమె రెండుసార్లు తిరిగి కొట్టింది. బుధవారం చప్పుడు లేదు. హమ్మయ్య అనుకుని సాయంత్రం అయిదు దాకా హాయిగా నిద్రపోయింది.

గురువారం భవనం మేనేజరు పెద్దాయన తలుపు పగలగొట్టించాడు. లోపల ఆయన పోయి ఉన్నాడు. మేనేజరు ఆమెతో మెట్ల దగ్గర గొంతు తగ్గించి చెప్పాడు. "తుంటి విరిగినట్టుందండీ. గోడ వరకూ పాక్కుంటూ వచ్చాడు. చేతిలో బూట్లు తుడిచే బ్రష్షు ఉంది, కొయ్యది. అది నేనే తీసి పక్కన పెట్టేశాను. వాళ్ళమ్మాయి చూస్తే తట్టుకోలేదు."

కూతురు వచ్చి సామాన్లు అట్టపెట్టెల్లో సర్దింది. ఒక పెట్టె దించడానికి ఆమె సాయం పట్టింది. మెట్ల మలుపులో ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆ అమ్మాయి అంది, "పడగానే ప్రాణం పోయిందట. బాధ తెలిసి ఉండదని డాక్టరుగారు చెప్పారు. ఆ ఒక్క మాటే పట్టుకుని నిలబడ్డానండీ."

"అవునండీ" అంది ఆమె. పెట్టె మళ్ళీ ఎత్తింది.

ఆ తర్వాతే ఆమె గళ్ళ పుస్తకంలో గోడ వేయడం మొదలుపెట్టింది. చెప్పుకోవడానికి మనిషి లేక వేసింది. ఆట అవుతుందని తమ్ముడు అన్నప్పుడు ఆమెకు కూడా అదే బాగుందనిపించింది. ఎవరో ఎక్కడివాళ్ళో ఆడతారు, చివరికి వచ్చేసరికి వాళ్ళకీ ఆ తప్పు తగులుతుంది, తను ఒక్కతే మోయక్కర్లేదు అనుకుంది. లోకం దాన్ని దరువు చేస్తుందని అనుకోలేదు.

మూడో వారంలో తమ్ముడు మళ్ళీ ఉత్సాహంగా ఫోన్ చేశాడు. "అక్కా, ఎవడో మన ఆట విప్పేసి తలుపు తెరుచుకునేట్టు చేశాడు. అందరికీ పంచాడు కూడా. తలుపు తీసి పక్కింటికి వెళ్తే ముసలాయన లేచి కూర్చుంటాడు. టీ కూడా పెట్టిస్తాడు. నీ బొమ్మలే వాడుకున్నాడు, ముచ్చటగా చేశాడులే. అందరూ అదే ఆడుతున్నారిప్పుడు. మనమే అలా ఒకటి అధికారికంగా పెట్టేస్తే పోలా? గంట పని. తలుపు చేసింది నేను, తీయడం నాకు రాదా?"

"వద్దు."

"ఎందుకొద్దు?"

"ఆయన లేవడు."

"అక్కా, ఆయన పద్నాలుగు గళ్ళ మనిషే. మనం లేవమంటే లేస్తాడు."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఆ పద్నాలుగు గళ్ళ మనిషి కుర్చీలో కూర్చుని టీ తాగడం ఆమె కూడా చూసింది. ఎవరో తెలియని మనిషి ఓపికగా, ప్రేమగా చేసిన పని అది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఏమీ దొరకలేదు.

ఆ మర్నాడే ఆట పేజీలో ఇచ్చిన మెయిలు చిరునామాకి ఉత్తరం వచ్చింది. నాలుగు వాక్యాలు. 'మీ ఆట చివర గోడ మీద ఒక అట్ట గడియారం ఉంది, అందులో ఏడు తిరగబడి ఉంది. అది ఏడేళ్ళప్పుడు నేను చేసింది, ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఆ గది మా నాన్నది. మీరెవరు?' కింద ఫోన్ నంబరు.

ఆమె ఆ ఉత్తరానికి రెండు రోజులు బదులివ్వలేదు. మూడో రోజు మధ్యాహ్నం భోజనం విరామంలో ఫోన్ చేసి, పక్క వాటాలో ఉండేదాన్నండీ, అంది. "శనివారం నేను మీ ఊరు వస్తున్నాను. ఒక పిల్లకి పరీక్ష ముందు క్లాసు ఉంది. ఆస్పత్రి గేటు దగ్గర రెండున్నరకి ఉండండి" అంది అవతలి గొంతు.

కూతురు కారు నడపడం నేర్పుతుంది. ఆ శనివారం ఆమె వచ్చిన కారు పైన 'నేర్చుకుంటున్నాను' అని బోర్డు ఉంది. ముందు సీటులో కూర్చోమంది. కారు కదిలిన కాసేపటికి, "కాలు కొంచెం ఇటు పెట్టుకోండి. అక్కడ బ్రేకు ఉంది, నేర్పేటప్పుడు నేను నొక్కేది" అంది. ఆమె కిందకి చూసింది. నిజంగానే తన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంది. కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"ఆ రోజు పెట్టె పట్టింది మీరే కదా?"

"అవునండీ."

"మా స్టూడెంటు ఒకడు వెనక సీట్లో కూర్చుని ఫోన్లో దరువు వేస్తుంటే, ఏంట్రా అది, ఆపు అన్నాను. గోడ మామ మేడమ్, మీరు చూడలేదా అని చూపించాడు. నేను కారు పక్కకి తీసి ఆపాను." కూతురు రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు కూడా అలాగే మాట్లాడుతుందేమో, గొంతు హెచ్చుతగ్గులు లేకుండా ఉంది. "నాకొక్కటే చెప్పండి. గోడ మీద కొట్టడం మీరు కల్పించిందా?"

రెండు రోజులూ ఆమె దీనికి జవాబు కూర్చుకుంది. ఆటే కదండీ, భయపెట్టడానికి ఏదో కల్పించాం, గది మాత్రం మీ నాన్నగారిది వాడుకున్నాను, క్షమించండి. అంతా నాలుక చివర ఉంది. చెబితే అయిపోతుంది. డాక్టరు చెప్పిన మాట ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

"లేదండీ" అంది.

సిగ్నల్ పడింది. కారు మెల్లగా ఆగింది.

"ఎన్ని రోజులు?"

"రెండు."

"మీరు తిరిగి కొట్టారు."

"కొట్టాను. మేకు కొడుతున్నారనుకున్నాను. ఆపమని కొట్టాను."

"ఆయన అలా అనుకుని ఉండడు."

"అనుకుని ఉండరండీ."

పచ్చ లైటు వచ్చింది. వెనక బండివాడు హారన్ కొట్టాడు. కూతురు కారు ముందుకు పోనిచ్చి, క్లాసు పిల్లని రమ్మన్న మూతపడ్డ ఫర్నిచర్ షాపు ముందు పక్కకి తీసి, ఇండికేటర్ వేసి, హాండ్ బ్రేకు లాగి, ఇంజిను ఆపింది. ఒక్కటీ మర్చిపోలేదు. అప్పుడు రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి వాటి మీద నుదురు ఆనించింది. ఏడుస్తుందేమో అనుకుంది ఆమె. ఏడవలేదు. ఇండికేటర్ టిక్కు టిక్కుమంటోంది.

"అప్పుడే తెలిసుంటే మేలా, ఎప్పటికీ తెలియకపోతే మేలా, నాకు అర్థం కావడం లేదు" అంది చివరికి, తల ఎత్తకుండానే. "మిమ్మల్ని తిట్టాలని వచ్చాను. దారంతా మాటలు వెతుక్కుంటూ వచ్చాను. ఇప్పుడు తిడితే మీరు పడతారు. పడితే ఏమొస్తుంది?"

"తిట్టండి."

"వద్దులెండి."

"ఆట తీసేస్తాను."

"మీ ఇష్టం. నేను చూసేశాను కదా."

కిటికీ మీద ఎవరో వేలితో తట్టారు. క్లాసుకి రావలసిన అమ్మాయి, చేతిలో ఫైలు పట్టుకుని నిలబడి ఉంది. కూతురు తల ఎత్తి, డాష్‌బోర్డులోని గుడ్డతో మొహం తుడుచుకుంది. అది అద్దాలు తుడిచే గుడ్డ, బుగ్గ మీద నల్లటి చార పడింది. ఆ విషయం చెప్పాలా వద్దా అని ఆమె తటపటాయించింది. ఈలోగా కూతురు దిగి ఇటువైపు వచ్చి తలుపు తీసి, ఆమెను దిగమన్నట్టు నిలబడింది. తర్వాత ఆ అమ్మాయితో, "సీటు నీకు సరిపోయేట్టు జరుపుకో. అద్దం చూసుకో. తొందరేం లేదు" అంది, అదే గొంతుతో. కారు కుదుపులతో బయల్దేరింది. ఆమె ఫర్నిచర్ షాపు ముందు నిలబడి అది మలుపు తిరిగేదాకా చూసింది.

ఆ రోజే తమ్ముడి ఇంటికి వెళ్ళి ఆట తీసేయమంది. అతను మొదట వేళాకోళం అనుకున్నాడు, తర్వాత వాదించాడు, తర్వాత అరిచాడు. "రెండేళ్ళ ఆదివారాలే అక్కా. నీ ఒక్కదానివా అవి?" అప్పుడు చెప్పింది. మొత్తం, చెప్పుతో సహా. తమ్ముడు వంటగది గుమ్మంలో కూర్చుని పక్క గోడ మీద చేయి పెట్టాడు.

"ఆ చప్పుడు ఈ గోడ మీదే రికార్డు చేశాను" అన్నాడు. "చెంచాతో ఒకసారి, పిడికిలితో ఒకసారి. నీకు వినిపించి, ఏది బాగుందే అని అడిగాను. నువ్వు, ఇంకాస్త నెమ్మదిగా, అన్నావు. అలసిపోయినట్టుండాలి, అన్నావు." "నాకు ముందే చెప్పి ఉండాల్సిందే" అన్నాడు.

"చెబితే ఏం చేసేవాడివి?"

అతను లేచి కంప్యూటర్ ముందు కూర్చుని ఆటను తీసేశాడు. ఒక బటన్ నొక్కాక, నిజంగానే తీసేయమంటారా అని కంప్యూటర్ అడిగింది. అవునన్నాడు. అంతే.

కానీ నీళ్ళలో పోసిన రంగుని ఎవరు వెనక్కి తీస్తారు. రెండు రోజుల్లో పిడుగు కొత్త వీడియో పెట్టాడు. 'పక్క గది ఎందుకు మాయమైంది? గళ్ళక్క ఎవరు?' చేసిన మనిషికి పిచ్చి పట్టిందన్నారు, చనిపోయిందన్నారు, ఆట ఆడినవాళ్ళకి మూడో రోజున గోడ చప్పుడు వినిపిస్తుందన్నారు. ముందే దాచుకున్నవాళ్ళు కాపీలు పంచారు. అమ్మినప్పుడు ఆడినవాళ్ళకన్నా తీసేశాక ఆడినవాళ్ళు ఎక్కువయ్యారు. తమ్ముడు కనిపించిన చోటల్లా, దయచేసి తీసేయండి, ఇది నిజంగా ఒక కుటుంబానికి బాధ కలిగించే విషయం అని రాశాడు. దాంతో అది నిజంగా జరిగిందా అని ఇంకో వెయ్యిమంది తవ్వడం మొదలుపెట్టారు. ఇక అతను రాయడం మానేశాడు. తలుపు తెరుచుకునే ఆట మాత్రం పిల్లలకి బాగా నచ్చిందట. అందులో ఇప్పుడు ముసలాయనకి ఒక పిల్లిని కూడా ఇచ్చారు.

ఒకసారి ఎక్స్‌రే గదిలో చేయి విరిగిన ఒక పాప, ప్లేటు పెట్టేలోగా రెండో చేత్తో బల్ల మీద దరువు వేసింది. మూడు దెబ్బలు, ఆగి, మూడు దెబ్బలు. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని ఆమె అడిగింది. "మా క్లాసులో అందరికీ వచ్చు" అంది పాప. "కదలకు" అని ఆమె బయటికి వచ్చి బటన్ నొక్కింది. బొమ్మ బాగా వచ్చింది, ఎముక స్పష్టంగా కనిపించింది.

కూతురు నెల తర్వాత ఫోన్ చేసింది, ఒక క్లాసుకీ ఇంకో క్లాసుకీ మధ్య. పలకరింపులేమీ లేవు. "రెండో రోజు ఎండగా ఉందా?"

"లేదండీ. మబ్బు."

"చలిగా ఉందా?"

"కొంచెం."

"సరే" అని పెట్టేసింది. తర్వాత పది రోజులకి మళ్ళీ. ఆమె ఎన్ని గంటలకి ఇంటికి వచ్చింది, ఎన్ని గంటలకి మొదటి దెబ్బ వినిపించింది. ఇంకోసారి, పిలుపు లాంటిదేమైనా వినిపించిందా, గొంతు. లేదంది ఆమె. నిజంగానే వినిపించలేదు. ఇంకోసారి, "మొదటి రోజు మీరు కొట్టగానే ఆయన వెంటనే కొట్టాడా, ఆగి కొట్టాడా?"

"వెంటనే కొట్టారండీ."

అవతల ఊపిరి తీసుకున్న చప్పుడు. "సరే."

ఆ నంబరు కనిపించినప్పుడల్లా, ఎత్తకుండా ఉండే హక్కు తనకు లేదనుకునేది. పేషెంటు బల్ల మీద ఉంటే, రెండు నిమిషాలండీ అని బతిమాలుకుని బయటికి వచ్చేది. అడిగినదానికి తెలిసినంత చెప్పేది. క్షమించమని మొదట్లో రెండుసార్లు అంది. రెండుసార్లూ కూతురు ఆ మాట విననట్టే తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. మూడోసారి అనలేదు.

వేసవిలో ఒక మధ్యాహ్నం కూతురు కొత్తది అడిగింది. "మీరు మా నాన్న నవ్వినట్టు వేశారు, ప్రతి దెబ్బకీ. అది మీకెలా తెలుసు?"

"తెలీదండీ. అలా అయి ఉంటుందని అనుకున్నాను."

"ఏడ్చి ఉండొచ్చు కదా?"

"ఉండొచ్చండీ."

"తిట్టుకుని ఉండొచ్చు. విని కూడా రావేంటని."

"ఉండొచ్చు."

"మీకు తెలీదు."

"నాకు తెలీదండీ. నాకు గోడ ఇవతల ఏం వినిపించిందో అదే తెలుసు."

వెనక ఎక్కడో బండ్లు పోతున్న చప్పుడు, ఎవరో పిల్ల 'మేడమ్, నేను ఎక్కనా' అని అడగడం. "నేను అడగడం మర్చిపోయినవి ఇంకేమైనా ఉంటే చెప్పండి" అంది కూతురు. "ఏదైనా పర్లేదు. చిన్నదైనా."

ఆమె వెతికింది. సోమవారం, మంగళవారం, నిద్రపోయిన బుధవారం, గంట గంటగా వెతికింది. ఉన్నవన్నీ ఎప్పుడో ఇచ్చేసింది.

"ఇంకేం లేవండీ" అంది.

కూతురు ఫోన్ పెట్టలేదు. ఆమె కూడా పెట్టలేదు. లోపల బల్ల మీద పడుకున్న పేషెంటు, ఇంకెంతసేపమ్మా అని పిలిచాడు. ఫోన్ చెవికి ఆనించుకునే, వస్తున్నా అని చేత్తో సైగ చేసింది.